పసిపాట, ప్రళయనాదము
ఆల్బర్ట్ ఐలర్ శాక్సోఫోన్ కథ

ఎనిమిదేండ్లు నిండని ధ్వనిముద్రణ జీవితములో ఫ్రీ జాజ్ సంగీతమునకు కొత్త గొంతు నిచ్చిన అమెరికా విద్వాంసుడు ఆల్బర్ట్ ఐలర్. ఆయన బ్రతుకు, ఆయన రికార్డులు, వానిని వినవలసిన తీరు ఈ వారము ముఖచిత్ర కథనము.

ఆల్బర్ట్ ఐలర్ కల్పించిన వరుసలను ఐదేండ్ల బిడ్డ సైతము ఒకటి రెండు మారులు విని పాడుకొనగలదు. అవే వరుసలను ఆయన తన టెనార్ శాక్సోఫోన్‌పై విస్తరించిన తీరును మాత్రము జాజ్ సంగీతములో తలలు పండినవారే వినలేక చెవులు మూసికొనిరి. ఒక కొసన జోలపాటను, ప్రార్థనాగీతమును, పటాలపు బ్యాండువారి నడకపాటను తలపించు అతిసరళమైన పల్లవి. మరియొక కొసన శ్రుతియనియు స్వరమనియు తాళమనియు మనము నేర్చుకొన్న కట్టుబాట్ల నన్నిటిని త్రెంచుకొని వెలువడు ఆక్రోశము. ఈ రెండింటికి నడుమ నుండదగిన మధ్యమార్గ మేదియు ఆయన సంగీతమున కానరాదు. విన్నవారు ఆయనను మహనీయుడనియో, మోసగాడనియో తేల్చి చెప్పవలసి వచ్చినదే కాని, ఫరవాలేదని మెచ్చుకొని ఊరకుండుటకు ఎవరికిని వీలు కలుగలేదు.

ఐలర్ పేరు చెప్పగానే, సంప్రదాయమును ధ్వంసము చేసినవాడని పలుకుట ఆచారమైపోయినది. ఆయన రికార్డులను కాలక్రమమున, ఓపికతో వినినవారికి ఈ మాట సగమే నిజమని తోచును. ఆయన త్రోసివేసినది, జాజ్ సంగీతము తన నడివయసున శ్రమించి కూడబెట్టుకొన్న పాండిత్యమును; చేపట్టినది, ఆ పాండిత్యమునకు పూర్వమే నల్లజాతివారి చర్చిలలోను, వీధి ఊరేగింపులలోను, అంతిమయాత్రలలోను మ్రోగుచుండిన పాతసొత్తును. తండ్రి కట్టిన మేడ విడిచి, తాతగారి పాకలోనికి పోయి కాపురము పెట్టిన మనుమని వంటివాడు ఐలర్. ఇరుగుపొరుగువారు అతనికి మతి చలించినదనిరి. మనుమడు పాకను వెదకికొనుటకు కారణమేమో, అచ్చట అతనికి దొరికినదేమో తెలిసికొనుటయే ఈ వ్యాసమున మన పని.

చర్చి, పటాలము

ఐలర్ 1936వ సంవత్సరము జూలై 13వ తేదీన, అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఒహాయో రాష్ట్రమున, క్లీవ్‌లాండ్ నగరమందు జన్మించెను. తండ్రి ఎడ్వర్డ్ శాక్సోఫోన్ వాయించువాడు. కుమారునకు ఆల్టో శాక్సోఫోన్ చేతికిచ్చి, ఊపిరి పట్టుటయు విడుచుటయు నేర్పిన తొలి గురువు ఆయనయే. తండ్రీకొడుకు లిరువురును కలిసి చర్చిలో వాయించెడివారు. అచ్చటి ఆరాధనలో పాటకును ఏడ్పునకును, ఏడ్పునకును కేకకును హద్దులు గీయుట ఎవరి తరము కాదు. దైవావేశము కలిగినవారు లేచి ఎలుగెత్తి అరచుట ఆ సభలలో తప్పు కాకపోగా, ఆరాధనకు ఫలశ్రుతి యని ఎంచబడును. పెద్దయైన పిమ్మట ఐలర్ శాక్సోఫోన్‌లో నుండి వెలువడిన కేకకు మూలము వెదకువారు, మొదట ఈ చర్చి గడప త్రొక్కవలెను.

జాన్ ఆడమ్స్ హైస్కూలులో చదువుచున్న దినములలో ఆయన ఓబో అను సుషిరవాద్యమును అభ్యసించెను. గోల్ఫ్ ఆటలో ఆ పాఠశాల జట్టునకు నాయకుడు కూడ నయ్యెను. నల్లజాతి బాలునకు ఆ ఆటస్థలముల ద్వారములు సులభముగా తెరచుకొనని కాలమది. మీసకట్టు రాకముందే, ప్రసిద్ధ హార్మోనికా విద్వాంసుడు లిటిల్ వాల్టర్ బృందముతో వేసవి సెలవులలో ఊరూర తిరిగి బ్లూస్ వాయించెను. ఆ రోజులలో ఆల్టో శాక్సోఫోన్‌కు ఏకచ్ఛత్రాధిపతి ఛార్లీ పార్కర్. ఆయనకు 'బర్డ్' అని ముద్దుపేరు. క్లీవ్‌లాండ్‌లోనివారు ఐలర్‌ను 'లిటిల్ బర్డ్' అని పిలుచుకొనిరి. వాయించుట రాక అరచుచున్నాడని తరువాతి కాలమున ఐలర్‌పై నింద మోపినవారు ఈ పిలుపును మరచిరి. పార్కర్ మార్గమున నడువగల నేర్పు ఆ బాలునకు చిన్ననాటనే అబ్బినది. నడచి చూచిన పిమ్మటనే దానిని విడిచెను.

1958వ సంవత్సరమున ఆయన సైన్యములో చేరి, బ్యాండు దళమున వాయించుచు, కొంతకాలము ఫ్రాన్సు దేశములోని ఓర్లియాన్ వద్ద నుండెను. ఆల్టోను విడిచి, మరింత గంభీరనాదము గల టెనార్ శాక్సోఫోన్‌ను చేపట్టినది ఈ సైనికజీవితములోనే. ఇచ్చట వాద్యమును గూర్చి ఒక మాట చెప్పవలెను. బెల్జియము దేశీయుడైన అడాల్ఫ్ శాక్స్ ఈ వాద్యమును నిర్మించి, 1846వ సంవత్సరమున పారిస్‌లో హక్కుపత్రము పొందెను. దానిని తొలుత ఆదరించినవి ఫ్రెంచి సైనికుల బ్యాండులు. అమెరికా చేరి జాజ్ సంగీతమునకు ప్రాణవాయువగుటకు ముందు, శాక్సోఫోన్ పటాలపు వాద్యము. ఆ వాద్యమును తొలుత ఆదరించిన దేశముననే, తొలుత ఆదరించిన వృత్తిలోనే నిలిచి, ఐలర్ దినదినము నడకపాటలు వాయించెను. ఆయన తరువాతి రచనలలో ఫ్రాన్సు జాతీయగీతమైన 'లా మార్సెయేజ్'ను స్ఫురింపజేయు వరుసలు తరచు వినవచ్చుటకు కారణ మిదియే కావచ్చును.

1961లో సైన్యమునుండి విడుదలయై కాలిఫోర్నియాలోను, పిమ్మట సొంత ఊరిలోను తన కొత్త ధోరణిని వినిపించబోగా, తోటి వాద్యకారులు వేదికపై చోటిచ్చుటకే సమ్మతింపరైరి. 1962లో మరల సముద్రము దాటి స్వీడన్ చేరెను.

స్వరమును దాటి

ఫ్రీ జాజ్ అనగా నేమో తెలియనిదే ఐలర్ సాహసము బోధపడదు. అంతవరకు జాజ్ వాద్యకారులు ఒక పాటను గైకొని, ఆ పాటకు ఆధారమైన కార్డులను, అనగా ఏకకాలమున మ్రోగు స్వరసముదాయముల వరుసను, చట్రముగా నిలుపుకొని, ఆ చట్రము మరల మరల తిరుగుచుండగా దానిపై మనోధర్మమును ప్రదర్శించుచుండిరి. 1950ల చివర ఆర్నెట్ కోల్‌మన్ అను ఆల్టో విద్వాంసుడును, సెసిల్ టేలర్ అను పియానో విద్వాంసుడును ఈ చట్రమును సడలించిరి. ఎనమండుగురు వాద్యకారులను రెండు బృందములుగా కూర్చి, 1960 డిసెంబరు 21న కోల్‌మన్ ముద్రింపించిన 'ఫ్రీ జాజ్' అను రికార్డు పేరే ఆ ఉద్యమమునకు పేరైనది.

కోల్‌మన్ స్వరసముదాయముల చట్రమును విడిచెనే కాని, స్వరమును విడువలేదు, నడకను విడువలేదు. ఆయన పాట వినుచు పాదముతో తాళము వేయవచ్చును. ఐలర్ మరియొక అడుగు ముందుకు వేసి, స్వరమను అవధినే దాటెను. శాక్సోఫోన్‌లో ఒక మీటను నొక్కి నెమ్మదిగా ఊదినచో ఒక స్వరము పలుకును. అదే మీటపై పెదవి బిగువును ఊపిరి వేగమును మార్చినచో ఆ స్వరములో దాగియున్న అనుస్వరములు పైకి లేచి, ఒకప్పుడు ఒకటిగా, ఒకప్పుడు రెండు మూడు కలిసి పలుకును. సాధారణ వాద్యకారులు దీనిని దోషముగా నెంచి పరిహరింతురు. ఐలర్ మిక్కిలి గట్టిదైన ప్లాస్టిక్ రీడును అమర్చుకొని, దానిని కంపింపజేయుటకు కావలసిన అసాధారణమైన ఊపిరిని సాధించి, ఈ దోషమునే భాషగా మలచుకొనెను. మంద్రస్థాయిలో గుండెలదరు గర్జన, తారస్థాయికి ఆవల కీచుమను రోదనము, ఈ రెంటి నడుమ విద్యుద్వేగముతో జారు రేఖలు. వీనికి తోడు, పల్లవిని పలుకునప్పుడు పాతకాలపు చర్చి గాయకుల గొంతువలె విశాలముగా వణకు కంపితము. స్వరములను లెక్కించు కాలము పోయినదనియు, ఇక నుండి వినవలసినది భావమునే యనియు ఆయన అడిగినవారికి చెప్పుచుండెడివాడు.

స్టాక్‌హోమ్, కోపెన్‌హేగన్

ఆయన తొలి ధ్వనిముద్రణము 1962 అక్టోబరు 25న స్టాక్‌హోమ్ నగరమున జరిగినది. బెంగ్ట్ నార్డ్‌స్ట్రోమ్ అను స్వీడన్ సంగీతాభిమాని, స్థానికులైన బేస్, డ్రమ్ వాద్యకారులను కూర్చి, తన చిన్న కంపెనీ తరఫున దానిని వెలువరించెను. ఆ మరుసటి నెలలో కోపెన్‌హేగన్‌లో ఐలర్‌కు సెసిల్ టేలర్ బృందముతో వాయించు అవకాశము దొరకెను. తన మాట అర్థమైన తోటివారు ఆయనకు తారసిల్లుట అదియే మొదలు. ఆ బృందములోని డ్రమ్ వాద్యకారుడు సన్నీ మర్రే తరువాతి కాలమున ఐలర్‌కు కుడిభుజమయ్యెను.

1963 జనవరి 14న కోపెన్‌హేగన్‌లో ముద్రితమైన 'మై నేమ్ ఈజ్ ఆల్బర్ట్ ఐలర్' అను రికార్డు వినదగిన విచిత్రము. మొదట ఐలర్ తన పరిచయమును తానే, బిడియము కలిసిన మృదుస్వరముతో చెప్పుకొనును. పిమ్మట సంగీత మారంభమగును. ప్రక్కవాద్యములు వాయించుచున్నవారు, అందును పదునారేండ్ల బేస్ వాద్యకారుడు నీల్స్-హెన్నింగ్ ఓర్‌స్టెడ్ పెడెర్సెన్, చక్కగా, నియమము తప్పక జాజ్ వాయించుచుండగా, ఐలర్ వారి లెక్కలతో ప్రసక్తి లేనివానివలె తన దారిన తాను పోవుచుండును. ఈ పొంతన లేమి చాల పాటలను చెరచినది; జార్జ్ గెర్ష్విన్ రచించిన 'సమ్మర్ టైమ్'ను మాత్రము అపూర్వముగా నిలిపినది. ఎందరో హాయిగా పాడిన ఆ జోలపాటను ఐలర్ నోట విన్నచో, బిడ్డను నిద్రపుచ్చు తల్లి తన దుఃఖమును దాచుకొనలేకపోవుచున్నదని తోచును. ఆయన మహత్తును శంకించువారికి నేను మొదట వినిపింపదలచునది ఈ ముద్రణమే.

న్యూయార్క్ చేరిన పిమ్మట, 1964 ఫిబ్రవరి 24న, ఒక్కదినముననే ఆయన రెండు విధములైన సంగీతమును ముద్రింపించెను. ఒకటి 'స్పిరిట్స్', సొంత రచనల సంపుటి. కట్టలు త్రెంచుకొన్న ఐలర్ అందున్నాడు. రెండవది నల్లజాతివారి పాత భక్తిగీతముల సంపుటి. బానిసత్వపు దినములనుండి చర్చిలలో పాడుచు వచ్చిన ఆ గీతములను, కాల్ కాబ్స్ పియానో సహకారముతో, మనోధర్మపు విస్తరణ యేదియు లేక, వరుసను వరుసగానే, ఒక్కొక్క పలుకును కంపితముతో తడిపి వాయించెను. ఈ రెండవ సంపుటి ఆయన బ్రతికియుండగా వెలుగు చూడలేదు. చూచినచో విమర్శకులు ఆయనను గూర్చి కొంత జాగ్రత్తతో మాటలాడియుందురు. విధ్వంసకుడని పేరుపడిన వ్యక్తి అదే దినమున, అదే వాద్యముతో తాతముత్తాతల పాటను తుచ తప్పక పాడుట కంటె ఆయన హృదయమునకు వేరొక సాక్ష్యము అక్కరలేదు.

1964 జూలై 10

బెర్నార్డ్ స్టోల్‌మన్ అను న్యాయవాదికి ఎస్పెరాంటో అను కల్పిత విశ్వభాషపై మక్కువ మెండు. ఆ భాషను ప్రచారము చేయు నిమిత్తము ఆయన ఒక రికార్డుల కంపెనీ స్థాపించి, ఇ.ఎస్.పి.-డిస్క్ అని పేరిడెను. దాని మొదటి రికార్డు ఎస్పెరాంటో పాటల సంపుటియే. 1963 చివర హార్లెమ్‌లోని ఒక చిన్న కేఫేలో ఐలర్ వాయించగా విని, స్టోల్‌మన్ తన కంపెనీ దారినే మార్చివేసెను. ఏమి వాయింపవలెనో నిర్ణయించు అధికారము కళాకారునిదే కాని కంపెనీది కాదని ప్రకటించి, ఆ కంపెనీ వెలువరించిన తొలి జాజ్ రికార్డు ఐలర్ 'స్పిరిచ్యువల్ యూనిటీ'.

1964 జూలై 10న న్యూయార్క్ నడిబొడ్డున టైమ్స్ స్క్వేర్ సమీపమందలి ఒక చిన్న స్టూడియోలో దీని ముద్రణము జరిగినది. వాయించినవారు మువ్వురు: ఐలర్, బేస్ వాద్యకారుడు గ్యారీ పీకాక్, డ్రమ్ వాద్యకారుడు సన్నీ మర్రే. పాటలు నాలుగు, వానిలో 'ఘోస్ట్స్' అను రచనయే రెండు రూపములుగా మొదటను చివరను కలదు. మొత్తము అరగంటకు లోపే. ముద్రించు ఇంజనీరు దీనిని ఏదో నమూనా ముద్రణమని భావించి, స్టీరియోకు బదులు మోనోలో ముద్రించెనని స్టోల్‌మన్ చెప్పెడివాడు.

'ఘోస్ట్స్' వరుస ఊరి తిరునాళ్ళలో ఏ బ్యాండువారైనను వాయింపదగినంత సరళము, ఉల్లాసభరితము. ఆ వరుసను పలికిన మరుక్షణముననే ఐలర్ దానిని విడిచి లంఘించును. అంతట వినువాని చెవి సహజముగా తాళము కొరకు డ్రమ్ముల వైపు తిరుగును. అచ్చట తాళము లేదు. సన్నీ మర్రే తాళమును కొట్టడు. పళ్ళెములపై పుల్లలను సన్నగా, ఎడతెగక కదలించుచు, నాదపు తెర నొకదానిని పరచి యుంచును. ఆ తెర వెనుక ఆయన మూలుగు కూడ వినవచ్చుచుండును. పీకాక్ బేస్ తీగెలు ఐలర్‌కు ఆధారశ్రుతిని అందీయక, ఆయనతో సమానముగా పలుకుచు, ఎదురు చెప్పుచు, ఒక్కొక్కచో ఆయన కంటె ముందే గమ్యము చేరును. ప్రధాన వాద్యమనియు ప్రక్కవాద్యమనియు భేదము మాసిపోయిన ఈ మువ్వురి ఏకీభావమునకే ఆ పేరు తగియున్నది. చివర, ఎచ్చటనుండియో తిరిగివచ్చినట్లు అదే బాలగీతము వచ్చును. కాని ఇప్పుడది మొదట విన్న పాట కాదు. దారిలో పడిన పాట్లన్నియు దాని వెనుక వినిపించును. ఐలర్ జీవితకాలములో ఇంతటి పరిపూర్ణమైన ముద్రణము మరియొకటి లేదని నా అభిప్రాయము.

తమ్ముని ట్రంపెట్

ఆ సంవత్సరము శరదృతువున ట్రంపెట్ విద్వాంసుడు డాన్ చెర్రీని కూడ చేర్చుకొని ఐలర్ ఐరోపాలో పర్యటించెను. తిరిగివచ్చిన పిమ్మట తన తమ్ముడు డొనాల్డ్‌ను ట్రంపెట్ వాద్యమునకు మరలించి బృందములో చేర్చుకొనెను. డొనాల్డ్ అన్నవలె ప్రజ్ఞాశాలి కాడు. కాని ఆయన ట్రంపెట్ మ్రోగించు తీరులో పటాలపు భేరీనాదము వంటి ఒక సూటిదనము కలదు. తమ్ముని రాకతో ఐలర్ సంగీతము స్వరూపము మార్చుకొనెను. మనోధర్మ విస్తరణము తగ్గి, సామూహికముగా వాయించు పల్లవులు పెరిగినవి; ఒక పల్లవి ముగియకముందే మరియొకటి, దాని వెంట ఇంకొకటి, వీధిలో ఊరేగింపు సాగినట్లు వరుసగా వచ్చును. జాజ్ పుట్టిన న్యూ ఆర్లియన్స్ నగరమున ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో బ్యాండువారందరు ఒక్కటిగా వాయించుచుండిన పద్ధతిని అరువదేండ్ల పిమ్మట మరల లేవనెత్తినది, ఆశ్చర్యకరముగా, అందరి కంటె నవీనుడని పేరొందిన ఈ విద్వాంసుడే.

1965 మే 1న న్యూయార్క్ టౌన్ హాలులో జరిగిన కచేరీ నుండి 'బెల్స్' అను ఇరువది నిమిషముల సంగీతమును ఇ.ఎస్.పి. వారు పారదర్శకమైన ప్లాస్టిక్ పళ్ళెముపై ఒక ప్రక్కనే అచ్చువేసి, రెండవ ప్రక్కను సంగీతము లేకయే విడిచిరి. అదే ఏడు సెప్టెంబరు 23న జడ్సన్ హాలులో ముద్రితమైన 'స్పిరిట్స్ రిజాయిస్' నందు ఇద్దరు బేస్ వాద్యకారులు, హెన్రీ గ్రైమ్స్, గ్యారీ పీకాక్, కలిసి వాయించిరి. 'ఏంజెల్స్' అను పాటలో కాల్ కాబ్స్ హార్ప్సికార్డ్ వినవచ్చును. 1966లో మిషెల్ సామ్సన్ అను డచ్చి వయొలిన్ విద్వాంసుడు బృందమున చేరగా, ఆ నడకపాటల నడుమ కొత్త కారుణ్యము ప్రవేశించెను. 1966 డిసెంబరు 18న విలేజ్ వ్యాన్‌గార్డ్ క్లబ్బునను, 1967 ఫిబ్రవరి 26న విలేజ్ థియేటరునను ముద్రితమైన కచేరీలు 'గ్రీనిచ్ విలేజ్' సంపుటిగా వెలువడినవి. ఈ బృందపు శిఖరము వినదలచినవారికి అదియే చాలును.

ఈ బృందమే 1966 నవంబరులో ఐరోపా యాత్రలో లండన్ చేరి, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో బి.బి.సి. టెలివిజన్ కొరకు వాయించెను. ఆ కచేరీని బి.బి.సి. వారు ఒక్కమారైన ప్రసారము చేయకయే టేపులను తుడిచివేసిరి. బృందము జీవించియుండిన కాలమున కదలుచు, వాయించుచు కనబడదగిన నిండు కచేరీ ఒకటి ఈ విధముగా లోకమునకు దక్కకపోయినది.

కోల్ట్రేన్ ఆదరము

ఐలర్‌ను ఆదరించిన పెద్దలలో అగ్రగణ్యుడు జాన్ కోల్ట్రేన్. అప్పటికే టెనార్ శాక్సోఫోన్‌కు చక్రవర్తియై, పదేండ్లు పెద్దయై యుండియు, ఐలర్ రికార్డులను శ్రద్ధతో విని, వానినుండి తాను నేర్చుకొనెను. డబ్బులేని దినములలో అన్నదమ్ములను ఆదుకొనెను. తాను వాయించు ఇంపల్స్ కంపెనీవారితో చెప్పి ఐలర్‌కు ఒప్పందము కుదిర్చెను. తాను ఐలర్ వలె వాయించుచున్నట్లు ఒక ముద్రణము పిమ్మట కోల్ట్రేన్ తనకు తెలిపెనని ఐలర్ చెప్పుకొనెడివాడు. ఈ మాటలో గర్వమున్నను అసత్యము లేదని 1965 తరువాతి కోల్ట్రేన్ రికార్డులు చెప్పుచున్నవి. కోల్ట్రేన్ తండ్రియని, ఆయన బృందములోని శాక్సోఫోన్ విద్వాంసుడు ఫారో శాండర్స్ కుమారుడని, తాను పరిశుద్ధాత్మయని ఐలర్ పలికిన పలుకు ప్రసిద్ధము.

1967 జూలై 17న నలువదేండ్ల వయసున కోల్ట్రేన్ మరణించెను. జూలై 21న న్యూయార్క్ సెయింట్ పీటర్స్ లూథరన్ చర్చిలో జరిగిన అంత్యక్రియలలో ఆరంభమున ఐలర్ బృందమును, ముగింపున ఆర్నెట్ కోల్‌మన్ బృందమును వాయించినవి. కోల్ట్రేన్ కోరికయే అట్టిదని చెప్పుదురు. ఆ ఆరేడు నిమిషముల సంగీతము ముద్రణ గుణము క్షీణించిన స్థితిలో మనకు దక్కినది. వాయించుచు మధ్య మధ్య ఐలర్ వాద్యమును నోటినుండి తొలగించి ఎలుగెత్తి ఆక్రోశించిన సవ్వడి కూడ అందు వినవచ్చును. శాక్సోఫోన్ కేకయు మనుష్యుని కేకయు అచ్చట ఒకదానికొకటి కొనసాగింపులై యున్నవి.

ఆ తరమునకు సంగీతము దైవారాధనమే గాని వినోదము గాదు. కోల్ట్రేన్ భార్య ఆలిస్, స్వయముగా పియానో, హార్ప్ విద్వాంసురాలు, భర్త మరణానంతరము వేదాంతము వైపు మరలి, మన పుట్టపర్తి సత్యసాయిబాబాకు భక్తురాలై, తురీయసంగీతానంద అను పేరు ధరించి, కాలిఫోర్నియాలో ఆశ్రమమును నడపి, అచ్చట తెలుగువారికి సుపరిచితములైన భజనలను నల్లజాతి చర్చి బాణీలో పాడించెను. ఐలర్ ఆ వైపు రాలేదు. ఆయన దైవము బైబిలులోని దైవమే. కాని ఇరువురి బాట ఒక్కచోటనే, నల్లజాతి చర్చిలోనే, మొదలైనది.

నిందలు, తుదివెలుగు

ఇంపల్స్ కంపెనీలో చేరిన పిమ్మట ఐలర్ కథ సంకటములలో పడినది. 'లవ్ క్రై' సంపుటిలో పాత తేజము కొంత నిలిచియున్నది. 1968లో ముద్రించిన 'న్యూ గ్రాస్' నందు మాత్రము ఆయన ఎలక్ట్రిక్ బేస్, ప్రజాదరణ గల తాళములు, గాయనీగాయకుల మేళము చేర్చుకొని, తాను సైతము పాడెను. సామాన్య యువజనులను చేరవలెనను ఆశ ఆయనదో, అమ్మకములు పెంచవలెనను ఆశ కంపెనీదో, చెరిసగమో, ఫలితము మాత్రము ఇరువర్గములకు రుచింపలేదు. పాత అభిమానులు ద్రోహమనిరి; కొత్తవారు రాలేదు. ఆయన తొలుత లిటిల్ వాల్టర్ వెంట తిరిగిన బ్లూస్ బాలుడని తలచినవారికి ఈ మార్పు అంత వింతగా తోపదు. అయినను కళాదృష్టితో చూచినచో ఆ రికార్డు ఓటమియే. ఎన్నుకొన్న దారి దోషము కాదు; ఆ తాళముల నడుమ ఆయన శాక్సోఫోన్‌కు రెక్కలు విప్పుకొన చోటు లేకపోయినది.

ఇంతలో డొనాల్డ్ మానసిక స్వస్థత చెడి, వాద్యమును విడిచి, క్లీవ్‌లాండ్ చేరెను. తమ్ముని ఈ సంగీతములోనికి దించినవాడు తానేయను బాధ ఐలర్‌ను విడువలేదు. ఆయన వ్రాతలలోను మాటలలోను ప్రళయకాల దర్శనములు, అంత్యదినములు తరచు దొర్లసాగినవి. గాయనియు రచయిత్రియు నైన మేరీ మరియా పార్క్స్ ఆ దినములలో ఆయనకు తోడు. 1969లో ముద్రితమైన సంపుటిలో ఆయన బ్యాగ్‌పైప్‌ను కూడ వాయించి చూచెను.

1970 జూలై 25, 27 తేదీలలో ఫ్రాన్సు దక్షిణభాగమున సాన్-పోల్-ద-వాన్స్ గ్రామమునందలి మాగ్ ఫౌండేషన్ కళాక్షేత్రమున ఆయన ఇచ్చిన కచేరీలు తుదివెలుగు. స్వదేశమున సగము మరువబడిన విద్వాంసునకు ఆ ఫ్రెంచి శ్రోతలు బ్రహ్మరథము పట్టిరి. పియానో వాయింపవలసిన కాల్ కాబ్స్ విమానము తప్పి, మొదటి రాత్రికి అందలేదు. ఆ రాత్రి పియానో లేకయే కచేరీ సాగినది. ఈ ముద్రణములలోని ఐలర్ శాంతించిన ఐలర్. కేక పోలేదు, దాని చుట్టును విశాలమైన ప్రశాంతత వచ్చి చేరినది. ఇచ్చటినుండి ఆయన ఏ దారిన నడచియుండునో ఊహించుట సులభము కాదు.

ఆ నవంబరు తొలివారమున ఐలర్ కనబడకుండ పోయెను. నవంబరు 25న బ్రూక్లిన్ ఒడ్డున ఈస్ట్ నదిలో ఆయన శవము దొరకెను. నీట మునిగి మరణించినట్లు నిర్ధారణ జరిగినది. అప్పటికి ముప్పది నాలుగేండ్లు. హత్యయని, తుపాకి గుండని పలు కట్టుకథలు సంగీతలోకమున బయలుదేరినవి. వానికి ఆధారము లేదు. తమ్ముని చింత, ధనాభావము, మనోవ్యథ ఆ చివరి మాసములలో ఆయనను క్రుంగదీసినవని సన్నిహితులు చెప్పిన మాటలే నమ్మదగినవి.

మన చెవికి

తెలుగువారికి శాక్సోఫోన్ అనగానే కద్రి గోపాలనాథ్ స్ఫురించును. మైసూరు ప్యాలెస్ బ్యాండులో ఈ వాద్యమును విని మోహితుడై, దాని మీటలలో మార్పులు చేసికొని, త్యాగరాజ కీర్తనలను గమకములతో సహా పలికించిన మహావిద్వాంసు డాయన. పటాలపు బ్యాండు వాద్యమును గొంతుగా మార్చుటయను పనిలో గోపాలనాథ్‌కును ఐలర్‌కును సామ్య మున్నది. మీటకు మీటకు నడుమనున్న చోటులోనే సంగీతము దాగియున్నదని ఇరువురును కనుగొనిరి. అంతకు మించి సామ్యము చూపబోవుట పొరపాటు. గోపాలనాథ్ జారుడు రాగమునకు కట్టుబడిన జారుడు. గమకము ఎంత వంపులు తిరిగినను రాగలక్షణమును దాటదు. ఐలర్ జారుడునకు చేరవలసిన స్వరస్థానము లేదు. కావున రాగము వెదకు చెవితో ఐలర్‌ను వినబోయినవారికి నిరాశ తప్పదు. శవయాత్రలలో, జాతరలలో, పూనకములలో మనము వినెడి మనుష్యకంఠమును, అది శ్రుతిలో నున్నదా లేదా యని అడుగక వినెడి చెవి మన కందరికి కలదు. ఆ చెవితో వినవలెను.

మరణానంతరము ఐలర్ కీర్తి ఆయన బ్రతికినప్పటి కంటె మిక్కిలి విస్తరించినది. జర్మనీలో పీటర్ బ్రోట్జ్‌మన్ వంటివారు ఆ కేకను ఐరోపా భాషగా మార్చిరి. డేవిడ్ మర్రే అను యువ టెనార్ విద్వాంసుడు 1976లో తన రికార్డునకు 'ఫ్లవర్స్ ఫర్ ఆల్బర్ట్' అని పేరు పెట్టెను. 2004లో రెవెనెంట్ కంపెనీవారు అంతవరకు వెలువడని సంగీతమును, కోల్ట్రేన్ అంత్యక్రియల నాటి వాదనముతో సహా, 'హోలీ ఘోస్ట్' అను పెట్టెగా వెలువరించిరి. 2005లో స్వీడన్ దర్శకుడు కాస్పర్ కోలిన్ ఆయన జీవితముపై చలనచిత్రము నిర్మించెను. 2022లో మాగ్ ఫౌండేషన్ కచేరీలు సంపూర్ణముగా వెలువడినవి. డొనాల్డ్ 2007లో కన్నుమూసెను.

కొత్తగా వినదలచిన పాఠకులకు ఒక విన్నపము. 'స్పిరిచ్యువల్ యూనిటీ'తో ఆరంభింపకుడు. అది తుదకు చేరవలసిన చోటు. 1964 ఫిబ్రవరి నాటి భక్తిగీతములను ముందు వినుడు. అటుపిమ్మట కోపెన్‌హేగన్‌లో వాయించిన 'సమ్మర్ టైమ్'ను, తరువాత గ్రీనిచ్ విలేజ్ కచేరీలను వినుడు. ఈ మూడింటిని దాటి వచ్చిన చెవికి 'ఘోస్ట్స్' కర్ణకఠోరము కాదు. ఇంతయు విని, ఇది నాకు వలదనువారితో నాకు తగవు లేదు. ఐలర్‌ను మెచ్చుకొనుట ఎవరికిని విధి కాదు. కాని ఆయనకు పాడుట రాక అరచెనను మాటను మాత్రము, ఆ భక్తిగీతములు విన్నవారెవ్వరును మరల అనజాలరు.